వస్తువుల ఆయువును లెక్కించిన వైబుల్

పుట్టిన ప్రాణికి మరణము తప్పనట్లే మానవుడు చేసిన వస్తువునకు నాశము తప్పదు. కుండ పగులును, మోకు తెగును, బండి యిరుసు విరుగును. ఇది యెల్లరు నెరిగినదే. కాని యెప్పుడు? ఒకే ఆవమున కాలిన రెండు కుండలలో నొకటి నెల తిరుగకముందే పగులవచ్చును. రెండవది మనుమల కాలము వరకు నిలువవచ్చును. రెంటిని తన చేతులతో చేసిన కుమ్మరియైనను దేని ఆయువు ఎంతయో ముందుగా చెప్పజాలడు. చెప్ప నలవిగాని యీ విషయమునందును ఒక క్రమము కలదని చూపి, దానిని లెక్కకు తెచ్చినవారిలో అగ్రగణ్యుడు స్వీడను దేశీయుడగు వాలొడి వైబుల్.

ఆయన చేసిన పని యొక్క విలువ అనంతపురము పీఠభూమిపై నివసించువారికి సులభముగా బోధపడగలదు. ఆ సీమలో ఏటి వర్షపాతము సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ కొంచెమును కాలమున కురిసిన చాలును. కాని తొలకరికి విత్తిన పిమ్మట నలువది దినములు చినుకు రాలక, వేరుసెనగ ఎండిపోయిన తరువాత కుండపోతగా కురిసినచో, సంవత్సరాంతమున లెక్క చూడగా సగటు సరిపోవును. చేను మాత్రము శూన్యముగా నుండును. కావున సగటును నమ్మి సేద్యము చేయరాదని ఆ సీమ రైతు అనుభవముచే ఎరుగును. వాన నమ్మరానిదైనపుడు అతనికి బోరుబావియే దిక్కు. నేలలోనికి ఊడలు దిగుచున్న వేళ మోటారు కాలిపోయి పది దినములు నీరు తప్పెనా, యేడాది కష్టము, తెచ్చిన అప్పు రెండును మట్టిలో కలియును. అట్టి మోటార్లు సగటున ఇన్ని యేండ్లు పనిచేయునని అంగడివాడు చెప్పవచ్చును. రైతునకు కావలసినది ఆ సగటు కాదు. ఈ పంట చేతికి వచ్చువరకు మోటారు నిలుచుట కెంత అవకాశము కలదో అది కావలెను. సగటునకును ఈ అవకాశమునకును గల భేదమును తెలుపుటకే వైబుల్ తన జీవితమును వినియోగించెను.

వైబుల్ 1887వ సంవత్సరము జూన్ 18వ తేదీన స్వీడను దేశపు దక్షిణ భాగమగు స్కానియాలో, విట్‌ష్యోవ్లే అను గ్రామమున జన్మించెను. ఆయన పూర్వులు జర్మనీ, డెన్మార్కు దేశముల సరిహద్దులోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ ప్రాంతమునుండి వలస వచ్చినవారు. మీసములైన రాని ప్రాయమున, 1904లో, ఆయన స్వీడను తీరరక్షక ఫిరంగిదళమున చేరెను. 1907లో చిన్న అధికారి యయ్యెను. 1916లో కెప్టెను పదవి లభించెను. సముద్రమును, ఫిరంగులును, మందుగుండును ఆయనకు నిత్యపరిచయము లయ్యెను. సాధారణముగా సైనికుడు మందుగుండు పేలినదా లేదా యని మాత్రమే చూచును. వైబుల్ మాత్రము పేలుడువలన పుట్టిన తరంగము ఎట్లు వ్యాపించుచున్నదో పరిశీలించెను. 1914లో ఆ విషయమును గూర్చి తన మొదటి శాస్త్రవ్యాసమును ప్రకటించెను.

ఆ పరిశీలన ఊరకపోలేదు. నీటిలో మందుగుండును పేల్చినచో సముద్రపు అడుగునుండి ఒక ప్రతిధ్వని వచ్చును. అడుగున పేరుకొన్న మట్టిపొర క్రింది రాతినుండి మరియొక ప్రతిధ్వని కొంత ఆలస్యముగా వచ్చును. రెంటికి నడుమగల కాలమును కొలిచినచో మట్టిపొర యెంత మందమో తెలియును. ఆయన రూపొందించిన యీ పద్ధతి 1947, 1948 సంవత్సరములలో ఆల్బట్రాస్ అను స్వీడను పరిశోధననౌక సాగించిన మహాసముద్రయాత్రలో ఉపయోగపడెను.

కొలువులో నుండగనే విద్య నార్జింపవలెనన్న తలంపు ఆయనను విడువలేదు. స్టాక్‌హోమ్ నగరములోని రాయల్ సాంకేతిక విద్యాలయమున చదివి 1924లో పట్టభద్రుడయ్యెను. అప్పటికి ఆయనకు ముప్పదియేడేండ్లు వచ్చుచుండెను. 1932లో, నలుబదియైదేండ్ల ప్రాయమున, ఉప్సాల విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టమును పొందెను. తోడివారు నేర్చినదానితో తృప్తిపడు వయస్సున ఆయన క్రొత్త పాఠములకు కూర్చుండెను. ఆయనకు శాశ్వతకీర్తిని తెచ్చిన కార్యములన్నియు దీని తరువాత జరిగినవే.

ఆ కాలమున ఇంజనీర్లను ఒక చిక్కు వేధించుచుండెను. ఒకే ఉక్కుతో, ఒకే యంత్రముపై, ఒకే కొలతకు చేసిన కడ్డీలను బరువు వ్రేలాడదీసి పరీక్షించినచో అన్నియు ఒకే బరువునకు తెగవు. చక్రములు నునుపుగా తిరుగుటకై అమర్చెడి ఉక్కు గుండ్ల బేరింగులు సైతము ఒకే బరువు క్రింద ఒకే వేగముతో తిరిగియు ఒకే కాలమున చెడవు. కొన్ని త్వరగా అరిగిపోవును; కొన్ని వానికి అనేకరెట్లు మన్నును. పలువురు ఈ భేదములను పరీక్షలోని లోపములుగా నెంచి, అన్నింటిని కూడి భాగించి, సగటును పుస్తకములలో వ్రాసికొనిరి. వైబుల్ ఆ భేదములను లోపములుగా నెంచలేదు. ఏది యెప్పుడు తెగినదో తెలుపు ఆ అంకెల వరుసలోనే వస్తువు యొక్క స్వభావము దాగియున్నదని ఆయన గ్రహించెను.

1939లో ఆయన పదార్థముల బలమును గూర్చి ఒక సిద్ధాంతమును ప్రకటించెను. దాని మూలము మిక్కిలి సులభమైనది. గొలుసు బలము దానిలోని కొక్కెములన్నింటి సగటు బలము కాదు. అన్నింటికంటె బలహీనమైన కొక్కెము యొక్క బలమే గొలుసు బలము. పూర్వము రాయలసీమలో కపిల తోలిన రైతు దీనిని కన్నులార చూచినవాడే. మోకు అంతయు గట్టిగా నుండి ఒక్కచోట పురి చివికినచో, నీటితో నిండిన బాన సగము బావిలోనుండగా మోకు తెగును. తక్కిన మోకు యొక్క గట్టితన మప్పుడు అక్కరకు రాదు. వైబుల్ ఈ సామాన్యానుభవమును లెక్కగా మార్చెను. ఒక్కొక్క కొక్కెము నూటికి 99 పర్యాయములు బరువును ఓర్చుకొనుననుకొందము. మంచి కొక్కెమనియే తోచును. కాని అట్టి కొక్కెములు నూరు కూర్చి గొలుసు చేసినచో, నూరు గొలుసులలో 37 మాత్రమే నిలుచును. తక్కిన 63 తెగిపోవును. గొలుసు పొడవైనకొలది దానిలో బలహీనమైన కొక్కెముండు అవకాశము పెరుగును. అట్లే ఒక లోహఖండము పెద్దదైనకొలది దానిలో కంటికి కానరాని పగులో, రంధ్రమో ఉండు అవకాశము హెచ్చును. కావుననే చిన్న ముక్కను పరీక్షించి పెద్దదాని బలమును నిశ్చయించునపుడు జాగరూకత వహింపవలెనని ఆయన బోధించెను.

ఈ యాలోచన నుండియే ఆయన పేరిట ప్రసిద్ధమైన సంభావ్యతా విభాజనము వెలువడెను. విభాజన మనగా, నూరు వస్తువులుండగా ఏ కాలమునకు ఎన్ని చెడునో తెలుపు నియమము. వైబుల్ విభాజనమున ముఖ్యమైన అంకెలు రెండు. మొదటిది కాలపరిమాణమును తెలుపును; ఆ కాలము గడచునప్పటికి నూటికి 63 వస్తువులు చెడియుండును. రెండవది ఆకారాంకము, చెడుట యే విధముగా సాగునో అది తెలుపును.

ఒక ఉదాహరణము చూతము. మూడు రకముల వస్తువులు నూరేసి కలవు. మూడింటికిని కాలపరిమాణము పదియేండ్లే. కావున పదియేండ్లు గడచునప్పటికి ప్రతిరకమునందును 63 చెడును. కాని అయిదేండ్ల నాటి స్థితి యెట్లుండును? ఆకారాంకము అరయైన రకములో అప్పటికే 51 చెడియుండును. అది ఒకటియైన రకములో 39 చెడును. అది మూడైన రకములో చెడునవి 12 మాత్రమే. పదియేండ్లకు ఒక్కటిగా కనబడిన మూడు రకములకు అయిదేండ్లకు ఇంత భేదమున్నది. ఒక్క అంకెను మాత్రమే చూచువాడు ఈ భేదమును కానజాలడు.

తరువాతి యింజనీర్లు ఈ మూడు రకములకు అర్థము చెప్పిరి. ఆకారాంకము ఒకటికంటె తక్కువయైనచో అది శైశవమరణము వంటిది. చేయుటలో లోపమున్నవి మొదటనే చెడును. ఆ గండము గడచినవి చాలకాలము మన్నును. అట్టి వస్తువును అమ్ముటకు పూర్వమే కర్మాగారమున కొంతకాలము నడిపి చూడవలెను. బాగుగా పనిచేయుచున్నదానిని తీసివేసి క్రొత్తది అమర్చుట అట్టిచోట తెలివితక్కువ. ఆకారాంకము సరిగా ఒకటియైనచో చెడుట పిడుగుపాటువలె ఆకస్మికము. పాతదానికిని క్రొత్తదానికిని అపాయము సమానమే. కావున ముందుగా మార్చుటవలన లాభములేదు. మారుగా ఒకటి సిద్ధముగా నుంచుకొనుటయే మేలు. ఆకారాంకము ఒకటిని మించినచో అది వార్ధక్యము. వస్తువు అరిగినకొలది అపాయము పెరుగును. అట్టిదానిని చెడకముందే, కాలము లెక్కించి, మార్చివేయవలెను. ఇట్లు ఒక్క అంకె తెలిసినచో ఏమి చేయవలెనో తెలియుచున్నది. వైద్యుడు రోగము నెరిగి మందు నిచ్చినట్లు, ఇంజనీరు చెడు తీరు నెరిగి యంత్రమును కాపాడగలుగుచున్నాడు.

1941లో బోఫోర్స్ అను ఆయుధ కర్మాగారమువారు రాయల్ సాంకేతిక విద్యాలయమున వైబుల్ కొరకే ఒక పరిశోధనాచార్య పదవిని నెలకొల్పిరి. పది సంవత్సరముల పిమ్మట, 1951లో, ఆయన అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘమువారి పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. అప్పటికి ఆయనకు అరువదినాలుగేండ్లు. ఆ వ్యాసమున తన విభాజనమునకు ఏడు ఉదాహరణములు చూపెను. అవి బోఫోర్స్ ఉక్కు యొక్క బలము, బూడిద రేణువుల పరిమాణము, భారతదేశపు ప్రత్తి నారల బలము, సముద్రపు సూక్ష్మజీవుల పొడవు, ఒకరకపు ఉక్కు అలసటకు తాళు కాలము, బ్రిటిషు దీవులలో పుట్టిన పురుషుల యెత్తు, బీన్సు గింజల వెడల్పు. ఉక్కునకును ప్రత్తికిని, మనుష్యునకును గింజకును ఒకే సూత్రము వర్తించునని చూపుట సాహసమే. భారతదేశపు పొలములలో పండిన ప్రత్తి నార ఆ ప్రసిద్ధవ్యాసమున ఒక సాక్ష్యమగుట మనకు గమనింపదగిన విషయము.

ఈ వ్యాసమును విద్వాంసులందరు వెంటనే ఆదరింపలేదు. ఇంత సులభమైన సూత్రము ఇన్నింటికి సరిపడుట నమ్మదగినది కాదని కొందరు శంకించిరి. ఈ సూత్రమునకు పూర్వులు లేకపోలేదు. 1927లో ఫ్రాన్సు దేశీయుడగు ఫ్రెషే దీనిని గణితమార్గమున కనుగొనెను. 1933లో రోజిన్, రామ్లర్ అనువారు పొడిచేసిన బొగ్గు రేణువుల పరిమాణమునకు దీనిని వాడిరి. అయినను బలమును, ఆయువును కొలుచుట కిది యెంత ఉపకరించునో లోకమునకు చాటినవాడు వైబుల్. తన సూత్రము సర్వత్ర సరిపోవునని గాని, ప్రకృతిరహస్య మంతయు దానిలో నున్నదని గాని ఆయన చెప్పలేదు. పలుతావుల పనికివచ్చునని మాత్రమే చెప్పెను. విమర్శకులకు కోపముతో బదులీయక, మరిన్ని వస్తువులను పరీక్షించి ఫలితములను ముందుంచెను.

ఈ పరీక్షల అవసర మెంతటిదో త్వరలోనే తెలియవచ్చెను. 1954 జనవరి, ఏప్రిలు మాసములలో కామెట్ అను బ్రిటిషు జెట్ విమానములు రెండు గగనమున బ్రద్దలై మధ్యధరాసముద్రమున పడిపోయెను. మొత్తము 56 మంది ప్రాణములు కోల్పోయిరి. లోహపు అలసటయే దీనికి కారణమని పరీక్షలవలన తేలెను. ఒక తీగను ఒక్కమారు వంచిన తెగదు. మాటిమాటికి వంచిన తెగును. విమానపు ఒడలు ఎగిరినప్పుడెల్ల కొంత ఉబ్బుచు, దిగినప్పుడెల్ల తగ్గుచు, కడకు చిన్న పగులు పెద్దదై విచ్చిపోయెను. లోహము సగటున ఎన్ని యెగురుటలకు ఓర్చునో తెలిసిన చాలదు. ప్రయాణికులలో ఒక్కడును అపాయమున పడకుండవలెనన్న, వేలలో మొట్టమొదట విచ్చునది యెప్పుడు విచ్చునో అంచనా వేయవలెను. వైబుల్ తన శేషజీవితములో అధికభాగము ఈ అలసటను గూర్చియే కృషిచేసెను. అమెరికా వైమానికదళము ఆయన పరిశోధనలకు ధనసాహాయ్యము చేసెను. అలసట పరీక్షలను జరుపు విధమును, ఫలితములను విమర్శించు విధమును వివరించు ఆయన గ్రంథము 1961లో వెలువడెను.

బేరింగుల విషయమునను ఆయన సిద్ధాంతము ఫలించెను. 1947లో లుండ్‌బర్గ్, పాల్మ్‌గ్రెన్ అను స్వీడను శాస్త్రజ్ఞులు ఆయన సిద్ధాంతము నాధారముగా గొని బేరింగుల ఆయువును లెక్కించు పద్ధతిని ఏర్పరచిరి. ఆ పద్ధతిలో బేరింగు ఆయువనగా సగటు ఆయువు కాదు. నూటికి పది చెడి తొంబది నిలిచియుండు కాలము. కొనువానికి ధైర్యమునిచ్చు అంకె అదియే.

ఒక భాగము ఆయువు తెలిసినపిదప పెక్కు భాగములు గల యంత్రము ఆయువును కూడ లెక్కింపవచ్చును. బోరుబావికి మోటారు, స్టార్టరు, కేబులు, పంపు అను నాలుగును పనిచేసిననే నీరు వచ్చును. ఒక్కొక్కటి పంటకాలమంతయు నిలుచు అవకాశము నూటికి 90 అనుకొందము. నాలుగును నిలుచు అవకాశము నూటికి సుమారు 66 మాత్రమే. ఇది గొలుసు వంటి కూర్పు. అట్లుగాక, రెండు పంపులలో ఏది పనిచేసినను చాలునను ఏర్పాటున్నచో, రెండును ఒక్కమారే చెడు అవకాశము నూటికి ఒకటి. నీరు లభించు అవకాశము 99. ఇది జోడు వంటి కూర్పు. అయితే రెంటిని ఒకే తీగకు తగిలించినచో, ఆ తీగలో విద్యుత్తు హెచ్చుతగ్గులైనపుడు రెండును కాలిపోవచ్చును. అప్పుడు ఈ లెక్క చెల్లదు. ఒకదాని కీడు రెండవదానికి సోకకుండ చూచిననే జోడువలన మేలు కలుగును.

వైబుల్ విభాజనము వస్తువుల ఆయువునకే పరిమితము కాలేదు. 1990ల దశకమునుండి అనంతపురము పీఠభూమిలోని రామగిరి కొండలపై గాలిమరలు తిరుగుచు విద్యుత్తు నుత్పత్తి చేయసాగెను. గాలి యెల్లప్పుడు ఒకే వేగమున వీవదు. దాని శక్తియో, వేగము యొక్క ఘనమును బట్టి పెరుగును. దినమంతయు సెకనుకు 6 మీటర్ల వేగమున వీచు గాలిశక్తిని 6 యొక్క ఘనమగు 216 పాళ్లనుకొందము. సగము దినము 4 మీటర్లు, సగము దినము 8 మీటర్లు వీచినచో సగటు వేగము ఆరే. కాని 64, 512 అను ఘనముల సగటు 288. సగటు వేగ మొక్కటే యైనను శక్తి మూడవవంతు హెచ్చినది. కావున గాలిమరను నిలుపుటకు పూర్వము ఏ వేగము ఎంతకాల ముండునో విభాజనమును కనుగొనవలెను. అందులకు లోకమంతట సాధారణముగా వాడబడునది వైబుల్ విభాజనమే. మరలోపలి బేరింగుల ఆయువును లెక్కించుటకును ఆయన సిద్ధాంతమే ఆధారము.

వార్ధక్యమునను వైబుల్ పని మానలేదు. 1972లో, ఎనుబదియైదేండ్ల ప్రాయమున, అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘము ఆయనకు సువర్ణపతకము నొసగెను. ఆయన వ్యాసము నొకప్పుడు శంకలతో స్వీకరించిన దేశమే ఆయనను గౌరవించెను. 1978లో స్వీడను ఇంజనీరింగు శాస్త్రముల రాయల్ అకాడమీ వారి మహాసువర్ణపతకమును రాజు పదునారవ కార్ల్ గుస్తాఫ్ స్వయముగా ఆయనకు బహూకరించెను. 1979 అక్టోబరు 12వ తేదీన ఫ్రాన్సు దేశమునందలి ఆన్సీ నగరమున ఆయన పరమపదించెను. అప్పటికి ఆయనకు తొంబదిరెండేండ్లు.

వైబుల్ భవిష్యత్తును చెప్పు జ్యోతిష్కుడు కాడు. నూరు మోటార్లలో ఏది ముందు చెడునో ఆయన సూత్రము చెప్పదు; ఎన్ని చెడునో, ఎప్పటికి చెడునో మాత్రమే చెప్పును. కాని ఆ కొంచెమే యెంతో మేలు చేయుచున్నది. అది తెలిసినవాడు చెడువరకు వేచియుండక ముందే మేలుకొనును. మారు వస్తువును సిద్ధపరచుకొనును. పెక్కుమంది ప్రాణములను ఒక్క కొక్కెముపై ఆధారపడనీయడు. సగటును చూచి సంతసింపక, సగటు చాటున దాగిన బలహీనునిపై దృష్టి నిలుపుటయే వైబుల్ జీవితము నేర్పు పాఠము. వాన సగటును నమ్మి మోసపోయిన సీమలో పెరుగు బాలబాలికలకు ఈ పాఠము సులభముగా హృదయమున నాటుకొనగలదు.